హన్నమ్మ ఇంటిమీది నిద్రగన్నేరు

మదనపల్లె నుంచి నిమ్మనపల్లెకి పోయే దోవలో, ఊరు దాటినాక ఎడమ పక్క ఒక పెంకుటిల్లు ఉండాది. ఆ ఇంటి నెత్తిన పెద్ద నిద్రగన్నేరు చెట్టు. పొద్దు గుంకితే ఆ చెట్టు కింద నడిచిపోయే మొగోడు లేడు. సైకిలోళ్ళు బెల్లు కొట్టరు. పాట పాడుకుంటా వచ్చేవాళ్ళు ఆ మలుపు రాంగానే నోరు మూసుకుంటారు.

యాలంటే... ఆ చెట్టు మీద రాత్రిపూట ఎవురో రంపం కోస్తాంటారు.

గర్ర్... గర్ర్... గర్.

తలెత్తి సూస్తే మనిషి ఉండడు. రంపం ఉండదు. ఆకు ముడుసుకోని చెట్టు నల్లగా నిలబడి ఉంటాది, అంతే.

పాలమ్మే మంగమ్మ సెప్పిన మాట ఊరికంతా తెలుసు. తెల్లారకముందే పాల బిందె నెత్తిన పెట్టుకోని ఆ చెట్టు కింద పోతా ఉంటే, మీద ఏదో సన్నగా రాలినట్లయ్యిందంట. వాన అనుకోనింది. మొదటి ఇంటికాడ బిందె దించి సూస్తే... పాల మీద రంపపు పొట్టు తేలతాండాదంట. ఆ పాలు మురిక్కాలవలో పోసేసి, ఇంటికి పోయి మూడు దినాలు దుప్పటి తీయలేదు.

కోసేవాడు ఎవురో గూడా అందరికీ తెలుసు. మునిచంద్ర. కుప్పం వాడు, చెట్లు కోసేవాడు. తొంబై మూడులో ఆ చెట్టు మీద నుంచి కొమ్మ విరిగి దాని జతకి పడి సచ్చిపోయినాడు. కోత సగంలో నిలిచిపోయింది గదా, అది ముగిసేదాకా పోడు అనేది జనం మాట.

నేను నమ్మలేదు. దెయ్యాల సంగతి నాకు తెలీదు, కోతల సంగతి తెలుసు. యాబై ఏండ్లు చెట్లెక్కినాను. నా పేరు రెడ్డెప్ప, మాది పుంగనూరు. ఆ మునిచంద్రకి రంపం పట్టుకునేది నేర్పించింది నేనే.

పని ఎట్ల సేయాలనేది ముందు సెప్తాను, లేకుంటే నా కోపం మీకు అర్థం గాదు.

పెద్ద కొమ్మని ఊరికే పైనుంచి కోయకూడదు. ముందు కింద పక్క మూడో వంతు కోయాల. తర్వాత జానెడు అవతల పైనుంచి కోయాల. అప్పుడు చీలకుండా తెగతాది. పై కోత ఒక్కటే పెడితే కొమ్మ తన బరువుకి తానే చీలి, బెరడు ఒలుసుకుంటా, మనిషిని గూడా తీసుకోని కిందికి వస్తాది.

పైనోడి నడుముకి తాడు. ఆ తాడు పై కొమ్మ మీదుగా కిందికి వస్తాది, దాని కొస నా చేతిలో. కోత పెట్టినాక పైనోడు ఆగి నా పక్క సూడాల. నేను సూసి "సరిగ్గా ఉండాది" అనాల. అంతా అయినాక "దిగు" అంటే దిగాల. నేను దిగమననిదే దిగకూడదు. దిగేటప్పుడు నా చేతిలో తాడు బిగుస్తాది, వాడి కాలు నేలకి ఆనంగానే వదులౌతాది. ఆ వదులు చేతికి తెలిసినాకనే నేను ఊపిరి వదిలేది.

ఇంగొకటి. కొమ్మ తీసిన గాయానికి తారు పూసి, నూనె డబ్బా రేకు కత్తిరించి కొట్టేది నా పద్ధతి. నాలుగు మూలలా నాలుగు మేకులు, నడిమధ్యన ఒకటి. వాన నీళ్ళు లోపలికి దిగకుండా. ఈ పక్కల ఇంకెవురూ అట్ల సేయరు. పుంగనూరు, సదుం, మదనపల్లె, యాడ ఐదు మేకుల రేకు కనిపించినా "ఇది రెడ్డెప్ప చెయ్యి" అనేవాళ్ళు. నా కోత చెడిపోయిందని ఒక్కరు అన్లేదు.

మునిచంద్ర ఏడేండ్లు నా తావ ఉండాడు. చెయ్యి మంచిది, నోరు మంచిది గాదు. రంపం లాగేటప్పుడు వాడికొక అలవాటు - రెండు పొడుగు, ఒకటి పొట్టి. మాన్పించాలని సూసినా, మానలేదు. ఒకదినం పదిమందిలో అన్నాడు, "ముసిలాయన ఒక పూట పనికి మూడు దినాలు తీసుకుంటాడు, తారు పూసి రేకు టోపీలు పెట్టుకుంటా" అని. అందరూ నవ్వినారు. నేను నవ్వలేదు. "నా గడప తొక్కొద్దు" అన్నాను. వాడు కుప్పం పోయి సొంతంగా పెట్టుకున్నాడు.

రెండేండ్లకి, తొంబై మూడులో, ఆ నిద్రగన్నేరు మీద నుంచి పడినాడని కబురొచ్చింది.

నేను సూసేదానికి పోలేదు. అడిగినోళ్ళకి ఒకే మాట సెప్పినాను. "కింద కోత పెట్టకుండా పై కోత పెట్టింటాడు. నేర్పించింది మరిసిపోతే అంతే." నా మాట అంటే ఆ పనిలో అందరికీ లెక్క. అది కుప్పం దాకా పోయింది.

పదైదు దినాలకి వాడి పెండ్లాం మునీశ్వరి మా ఇంటికొచ్చింది. అప్పుడామె నిండు కడుపుతో ఉండాది. వాకిట్లోనే నిలబడింది.

"మామా, ఒక్క మాట సెప్పు. ఆయన పనోడని సెప్పు సాలు. మా ఊర్లో నన్ను 'పని రానోడి పెండ్లాం' అంటాండారు. రేపు పుట్టే బిడ్డని గూడా అట్లే అంటారు."

"వాడు నా మాట తప్పినాడు. తప్పినోడికి నేను సాక్ష్యం సెప్పను" అన్నాను.

కడుపు మీద చెయ్యి పెట్టుకోని అట్లే తిరిగి పోయింది. పన్నెండేండ్లు మళ్ళీ ఆమె మొగం సూడలేదు.

రెండువేల ఐదులో ఆ ఇంటి హన్నమ్మ కబురు పంపించింది. ఆమె ఆస్పత్రిలో నర్సుగా సేసి రిటైరయ్యింది. పెనిమిటి దేవసహాయం సారు పోయినాక ఒక్కతే ఉంటాది. ఒక కొత్త కొమ్మ పెంకుల మీదికి ఒరిగిందంట, వానాకాలం వస్తే ఇల్లు కూలుస్తాదంట. చెట్లు కోసేవాళ్ళు ఒక్కరూ ఆ చెట్టు ముట్టనంటారంట.

నాకప్పుడు డెబ్బై ఒకటి. మోకాళ్ళు మెట్లెక్కేదానికే ఏడుస్తాయి. రాత్రి నిద్ర పట్టదు, పగలు కండ్లు మూతబడతాయి. పోకుండా ఉండొచ్చు. కానీ ఒకటి మనసులో ఉండాది - మునిచంద్ర పెట్టిన తప్పుకోత ఆ చెట్టు మీద ఇప్పటికీ ఉంటాది. చీలిన మొండి ఉంటాది. దాన్ని పదిమందికీ సూపించి, "సూడండి, నేనన్నది నిజమా కాదా" అనాల. అందుకని పోయినాను. దాచిపెట్టి ఏం లాభం.

సాయంత్రానికి సేరినాను. కత్తి పెట్టే ముందు ఒక రాత్రి చెట్టు కింద పడుకునేది నా అలవాటు. గాలికి ఏ కొమ్మ మూలగతాదో, ఏది పటుకుమంటాదో రాత్రే తెలిసేది. పసుపు కుంకుమ తీసి మొదులుకి పెట్టి, "రేపు కత్తి పెడతాను తల్లీ, నీ మీద ఉండేవాళ్ళు పక్కకి జరగండి" అని మొక్కినాను.

హన్నమ్మ వసారాలో నుంచి సూస్తాండాది. "ఎవురితో మాట్లాడతాండావు రెడ్డెప్పా?"

"చెట్టుతో. నీకేమన్నా అభ్యంతరమా నర్సమ్మా?"

"నాకేం. నీ పసుపు నువ్వు పెట్టుకో, నా ప్రార్థన నేను సేసుకుంటా. ఎవురి మాట వింటాదో విననీ." నా కాళ్ళ పక్క సూసింది. "ఈ మోకాళ్ళేసుకోనా నువ్వు ఎక్కేది? చెట్టు కన్నా ముందు నీకు కట్టు కట్టాల్సొస్తాదే!"

"కింద కోత, పై కోత తెలిసినోడు మోకాళ్ళతో ఎక్కడు."

ఆమె నవ్వలేదు. మెల్లగా అనింది, "ఆ పిల్లోడు గూడా ముందు కింద పక్కే కోసినాడప్పా."

"ఎవురు?"

"మునిచంద్ర. నేను ఈ వసారాలోనే ఉన్నా. కొమ్మకి ఆనుకోని కింద పక్క కోసినాడు. కోసి, ఆపి... కిందికి సూసినాడు. ఎవురో ఏదో సెప్తారని కాసుకున్నట్లు. ఆడ ఎవురూ లేరు. తాడు పట్టుకునే మనిషి గూడా లేడు, కొస మొదులుకి వదులుగా కట్టుకోని ఎక్కినాడు. అట్ల సూస్తాండంగానే కొమ్మ విరిగి పడిపోయినాడు. ఇది నీకు సెప్పాలని అప్పుడే మనిషిని పంపిస్తే నువ్వు రాలేదు."

ఆ మనిషి వచ్చింది నాకు గుర్తుండాది. నర్సమ్మకి కోతల గురించి ఏం తెలుసు అని పంపించేసినాను. ఇప్పుడూ అదే అనుకున్నాను. కింద కోత పెట్టినోడు ఎట్ల పడతాడు? చూపు తప్పుంటాది.

చీకటి పడింది. ఆకులు జతలు జతలుగా ముడుసుకున్నాయి. చాప పరుసుకోని చెట్టు కింద పడుకున్నాను. హన్నమ్మ లాంతరు వసారాలో పెట్టి లోపలికి పోయింది. కరెంటు పోయింది. దోవ మీద మనిషి అలికిడి లేదు.

ఎంతసేపయ్యిందో... గాలి లేసింది.

గర్ర్...

కండ్లు తెరిసినాను.

గర్ర్... గర్.

రెండు పొడుగు. ఒకటి పొట్టి.

లేసి కూసున్నాను. నా చేతుల మీద వెంట్రుకలు నిక్కినాయి, అబద్దం సెప్పను. ఏడేండ్లు ఆ శబ్దం కింద నిలబడినోణ్ణి నేను. నిద్రలో ఇనినా పోల్చుకుంటాను.

"ఎవుర్రా అది?"

ఆగింది. గాలి గూడా ఆగింది.

మెడ మీద ఏదో రాలింది... సన్నగా, పొడిగా. తడిమి ముక్కు కాడ పెట్టుకున్నాను. చెక్కపొడి.

గర్ర్... గర్ర్... గర్.

సెప్తే నవ్వుతారు. నాకు భయం కన్నా కోపమొచ్చింది. సచ్చి గూడా ఆ అలవాటు మానలేదా అని. వసారా గోడకి ఆనించిన నిచ్చెన లాక్కొచ్చి మొదులుకి ఏసినాను. ఆ సప్పుడుకి హన్నమ్మ లేసి వచ్చింది.

"నీకు మతి పోయిందా? తెల్లారనీ!"

"నిచ్చెన పట్టుకో."

"పడి సస్తావు పెద్దాయనా! ఈ చెట్టుకి ఒకరు సాలరా?"

"పట్టుకో నర్సమ్మా..."

పట్టుకునింది. ఆమె పెదాలు కదులుతాండాయి, ప్రార్థనేమో. నేను టార్చిలైటు నోట కరుసుకోని ఎక్కినాను. ఒక్కొక్క మెట్టుకి మోకాలు లోపల ఎవురో గుచ్చినట్లు. పదో మెట్టుకాడ ఆగినాను. దిగిపోదామనిపించింది. యాల ఇదంతా, ఇంటికాడ పడుకోనుంటే సరిపోయేది గదా అనిపించింది. శబ్దం నా నెత్తి మీదనే ఉండాది. నిచ్చెన అయిపోయినాక కొమ్మ పట్టుకోని పైకి జరిగినాను.

పన్నెండేండ్ల కిందట విరిగిన మొండి ఆడ్నే ఉండాది. సుట్టూ పిలకలు గుబురుగా లేసినాయి. చేత్తో పక్కకి తీసినాను.

లైటు ఏసినాను.

మనిషి లేడు. రంపం లేదు.

తుప్పు పట్టిన రేకు ఒకటి, ఒకే ఒక మేకుకి యాలాడతాండాది. గాలికి ఊగినప్పుడంతా ఎండిన చెక్క అంచుని గీకతాండాది. గర్ర్... గర్ర్... గీకినప్పుడంతా పొడి రాలతాండాది.

అంతే దెయ్యం.

"ఏముండాది?" కింద నుంచి హన్నమ్మ అడిగింది.

"రేకు. రేకమ్మా, రేకు."

"రేకా!" ఆమె నవ్వింది. "ఇన్నేండ్లు రేకుకా ఈ ఊరు దుప్పట్లు కప్పుకునింది! మంగమ్మకి సెప్పాల, ఆమె పాలన్నీ పారబోసుకునింది!"

నేను నవ్వలేదు. లైటు రేకు మీద నిలబడిపోయింది.

నాలుగు మూలలా నాలుగు చిల్లులు. నడిమధ్యన, ఇంకా పట్టుకోనుండే మేకు ఒకటి.

దేవసహాయం సారు బతికుండంగా, డెబ్బై ఎనిమిదిలో, ఈ చెట్టుకి మొదట కత్తి పెట్టింది నేనే. ఈ కొమ్మ మొదట్లోనే ఒక పిల్లకొమ్మ తీసి, తారు పూసి, రేకు కొట్టి, మీసం దువ్వుకోని పోయినాను. నా కోత ఎప్పుడూ చెడిపోదు గదా, మళ్ళీ వచ్చి సూసేది ఎందుకు.

రేకు వెనక చెయ్యి పెట్టినాను. మోచెయ్యి దాకా పోయింది. భుజం దాకా పోయింది. లోపల చెట్టు లేదు. తడి నల్లమన్ను మాదిరి కుళ్ళు. నీళ్ళు లోపలికి పోకుండా కొట్టిన రేకు, లోపలికి దిగిన నీళ్ళని బైటికి పోనీకుండా పదైదేండ్లు పట్టుకోనుండాది. పైన రెండు వేళ్ళ మందం మంచి చెక్క, లోపలంతా డొల్ల.

విరిగింది ఆడ. సరిగ్గా నా రేకుకాడ.

మొండి అంతా తడిమినాను. రంపం గాటు ఒక్కటి గూడా లేదు. మునిచంద్ర కోసింది దీనికి ఎంతో అవతల. వాడు కింద కోత పెట్టినాడు, ఆగినాడు, నాకోసం కిందికి సూసినాడు. వాడి వెనక పక్క నా కోత విరిగింది.

రేకు పీకి తీసుకోని ఎట్ల దిగినానో తెలీదు. హన్నమ్మ చెయ్యి పట్టుకోని కూసోబెట్టింది. నీళ్ళిచ్చింది. రేకు నా ఒళ్ళో ఉండాది.

"ఎవురిది రెడ్డెప్పా, ఇది?"

నడిమధ్య చిల్లి మీద బొటనవేలు పెట్టినాను.

"నాది."

ఆమె లాంతరు వత్తి తగ్గించి పక్కన కూసునింది. గాలి వస్తానే ఉండాది. చెట్టు మీద ఏ శబ్దమూ లేదు.

తెల్లారినాక ఆమె ఇంటిమీది కొమ్మ తీపించినాను. నేను కింద నిలబడినాను, దెయ్యం రేకేనని తెలిసి సదుం నుంచి వచ్చిన మునిరాజు ఎక్కినాడు. గాయానికి రేకు కొట్టలేదు. తారు పూయలేదు. "యాలన్నా, నీ టోపీ పెట్టవా?" అన్నాడు. "గాలి తగలనీ" అన్నాను.

మర్సటి దినం కుప్పం బస్సెక్కినాను. రేకు సంచిలో ఏసుకున్నాను. పలమనేరులో బస్సు మారి, ఆడ సేరేటప్పటికి దీపాలు పెట్టేసినారు. మునీశ్వరి కూరగాయలమ్ముకోని అప్పుడే వచ్చి కాళ్ళు కడుగుతాండాది. నన్ను సూసి చెంబు అట్లే పట్టుకోని నిలబడింది. లోపల పన్నెండేండ్ల పిల్ల నవనీత పుస్తకం ముందరేసుకోని ఉండాది. మునిచంద్ర ముక్కే, అదే మొండి గడ్డం.

"యాల వచ్చినావు మామా?"

రేకు తీసి ఆమె ముందర పెట్టినాను. ఐదు చిల్లులూ సూపించినాను. అంతా సెప్పినాను. ఎక్కడా తగ్గించలేదు, ఎక్కువ సేయలేదు. సెప్పేటప్పుడు నాకు ఏడుపు రాలేదు. అలుపు ఒక్కటే, ఎముకల్లో.

మునీశ్వరి రేకుని ముట్టలేదు.

"నాకు సెప్తే సాలదు మామా. పిల్ల వినాల. గట్టిగా సెప్పు."

పిల్ల పక్కకి తిరిగి సెప్పినాను. "మీ నాయన పనోడమ్మా. పని రానిది నాకు."

పిల్ల పుస్తకం మూసేసింది.

అప్పుడు మునీశ్వరి ఇంటి దూలం పక్క సూపించింది. దూలం మీదుగా ఒక తాడు ఏసుండాది. మునిచంద్ర తాడు. దాంతోనే పిల్లకి ఉయ్యాల కట్టిందంట. ఉయ్యాల తీసేసినా తాడు తీయలేదంట. రెండు కొసలూ ఊరికే యాలాడతాండాయి.

"ఆయన సెప్పేవాడు," అనింది, "పెద్దాయన దిగమనేదాకా దిగకూడదని. నీ గడప దాటి వచ్చేసినాక గూడా అదే మాట. ఒగొగ రాత్రి ఈ దూలం పటుకుమంటాది మామా. నేను లేసి సూస్తా... ఎవురూ ఉండరు." తాడు కొస తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఆ మాట నువ్వే అనాల."

దూలాలు రాత్రిపూట పటుకుమంటాయి. ఎండకి ఉబ్బి, చలికి ముడుసుకుంటాయి. అది నాకు తెలుసు. ఆ మాటే సెప్పబోయినాను. సెప్పలేదు.

తాడు రెండు చేతులా పట్టుకున్నాను, కింద నిలబడేవాడు పట్టుకున్నట్లు. తలెత్తినాను. దూలం పైన చీకటి.

"కోత సరిగ్గా ఉండాదిరా," అన్నాను. "తప్పు నాది. దిగు."

గాలి లేదు. దీపం కదల్లేదు.

నా చేతుల్లో తాడు బిగిసింది.

మనిషి బరువు. యాబై ఏండ్లు పట్టుకున్న బరువు, నాకు తెలీదా... అరచేతులు మంట పుడతాండాయి. తొందర లేదు. ఒక చెయ్యి, తర్వాత ఇంగొక చెయ్యి, నేను నేర్పించినట్లే.

తర్వాత... వదులయ్యింది.